ప్రార్థనయు ఆత్మాభివృద్ధియు: మదనపల్లె చరిత్రము నేర్పు పాఠము

ప్రార్థన సర్వమత సాధారణమైన ధర్మము. కాని నోటినుండి వెలువడిన స్తోత్రములన్నియు ప్రార్థనలు కాజాలవు. క్రైస్తవ సువార్తలు ఈ భేదమును మిక్కిలి నిష్కర్షగా చెప్పుచున్నవి. మత్తయి సువార్త ఆరవ యధ్యాయమున యేసు, నలుగురు చూచునట్లు వీథిమూలల నిలిచి ప్రార్థించువారిని నిరసించి, గది తలుపు మూసికొని రహస్యముగా వేడుకొనుమని బోధించెను. ఆయన నేర్పిన చిన్న ప్రార్థనలో శరీరమునకై యడిగినది ఆనాటి యాహార మొక్కటియే. తక్కిన వేడికోళ్లు దైవసంకల్పమును, క్షమను, శోధననుండి రక్షణమును గూర్చినవి. అందును క్షమకొక నిబంధన కలదు: ఇతరులను మన్నింపనివాడు తనకు మన్నింపు నాశింపరాదు.

ఈ బోధ మన సీమకు తెలుగు పలుకులలో వచ్చిన విధము స్మరింపదగినది. పదునెనిమిదవ శతాబ్దమున బెంజమిన్ షుల్ట్జ్ అను జర్మను బోధకుడు మద్రాసులో చేసిన తెలుగు అనువాదము అచ్చుకాలేదు. విశాఖపట్టణపు బోధకుల కృషివలన 1812లో మూడు సువార్తలు సేరంపూరున ముద్రితములయ్యెను. 1863లో అమెరికను ఆర్కాటు మిషను వైద్యుడు జాకబ్ ఛేంబర్లెయిన్ మదనపల్లెలో నివాస మేర్పరచుకొనెను. నాడది కడప జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా 1911లో గాని యేర్పడలేదు. ఆయన 1873 మొదలు 1894 వరకు తెలుగు బైబిలును సంస్కరించు సంఘమునకు అధ్యక్షుడై, 1908లో మదనపల్లెలోనే కాలధర్మము నొందెను.

అనువాదకులు కృప, రక్షణ వంటి మాటలను కొత్తగా సృజింపలేదు. అవి తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) కాలమునుండియు ఈ ప్రాంతపు భక్తుల నోట నానినవే. మదనపల్లెకు అనతిదూరముననున్న తరిగొండలో పుట్టిన వెంగమాంబ, బాలవితంతువై, కేశఖండనమునకు ఒప్పుకొనక, నిందలను సహించి ధ్యానమార్గమును విడువలేదని చెప్పుదురు. ఆమె 1817లో తిరుమలలో పరమపదించెను. ఏకాంతప్రార్థన యొక్క బలము మన నేలకు పరాయిది కాదు.

ఛేంబర్లెయిన్ వైద్యశాలలో ఉదయమున మందిచ్చుటకు ముందు సువార్తభాగమును చదివి ప్రార్థించుట యాచారము. ఇచట మాకొక సందేహము కలుగుచున్నది. జ్వరపీడితుడు అచట కూర్చుండినది దేవుని కొరకా, మందు కొరకా? దుఃఖితుని యక్కరను మతబోధకు ద్వారముగా చేసికొనుట న్యాయమా? మూసిన తలుపు వెనుక ప్రార్థింపుమన్న వాక్యమే దీనికి తీర్పరి. రోగి చెవిని బలవంతముగా సంపాదింపవచ్చును గాని హృదయమును సంపాదింపలేము. అయినను ఆ వైద్యుడు ప్రార్థించి యూరకుండలేదని మరువరాదు. ప్రార్థన ముగిసినంతనే కులభేదము పాటింపక రోగుల నాడిని పట్టి చూచెను. పెదవులు పలికిన దానికి చేతులు సాక్ష్యమిచ్చినవి.

1915లో పలు క్రైస్తవ మిషనులు కలసి మదనపల్లెకు సమీపమున క్షయరోగుల కొక చికిత్సాలయమును నెలకొల్పినవి. అదియే ఆరోగ్యవరము. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రీమట్-మొల్లర్ దానికి తొలి యధికారి. స్ట్రెప్టోమైసిను 1943లో కనుగొనబడువరకు క్షయకు మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన యాహారము, ఓర్పు, ఇవియే ప్రధానౌషధములు. నెలలతరబడి పడకపై నుండువాడు నేటికంటె రేపు మేలగునా యని ప్రతిదినము కొలిచి చూచుకొన్నచో నిరాశయే మిగులును. మార్కు సువార్త నాలుగవ యధ్యాయములోని విత్తనపు ఉపమానము ఇట్టిదే. రైతు విత్తి నిద్రించును. మొలక, వెన్ను, గింజ క్రమముగా కలుగును. అది యెట్లు పెరిగినదో యాతడెరుగడు. వానకై యాకాశము వైపు చూచు మన మెట్టరైతునకు దీనిని వేరుగ వివరింపనక్కరలేదు. దున్నుట మానినవానికి వానవలన ఫలము లేదు. దున్నితినని వానను శాసించువాడును లేడు. ఆత్మాభివృద్ధియు నట్టిదే.

లూకా సువార్త పదునెనిమిదవ యధ్యాయమున ఇరువురు దేవాలయమునకు పోయిరి. ఒకడు తన ఉపవాసములను, దానములను లెక్కించి, తాను ఇతరులవంటివాడను కానని దేవునికి కృతజ్ఞత తెలిపెను. సుంకరి తలయెత్తక కరుణను మాత్రమే వేడెను. నీతిమంతుడై యింటికి మరలినవాడు సుంకరియే. మన గృహములలో ప్రతిదినము పూజలు, ప్రార్థనలు జరుగుచున్నవి. అవి ముగిసినపిమ్మట పనిమనిషికి వేరు పాత్రలో కాఫీ పోయుదుమేని, విధవను శుభకార్యమునకు దూరముగా నుంతుమేని, తోబుట్టువుతో వ్యాజ్యమును విడువమేని, మనము ఏ మతమువారమైనను ఆ మొదటివాని ప్రక్కనే నిలిచియున్నాము. ప్రార్థన దేవుని మనస్సును మార్చునో లేదో తార్కికులు వాదించుకొందురు గాక. ప్రార్థించువాని నడతను మార్చని ప్రార్థన మాత్రము వ్యర్థమని సువార్తలును, మన భక్తుల జీవితములును ఏకకంఠముగ చెప్పుచున్నవి.