పప్పు విరగని నేర్పు

పోయిన సంక్రాంతికి పలాస వెళ్లినప్పుడు మా చిన్నమ్మ అడిగింది: "ఏటే గుంటా, మీ లండన్‌లో ఆడోలకీ మగోలకీ ఒకటే జీతమట గదా. నిజమేనేటి?"

చిన్నమ్మ జీడిపప్పు తొక్క తీస్తుంది. పెళ్లికి ముందు మొదలుపెట్టిన పని, ఇప్పుడు మనవరాలు పెళ్లీడుకొచ్చింది. ఆమె కూలి కిలోల లెక్కన. బట్టీ దగ్గర పిక్కలు వేయించే మగవాళ్లకు రోజు లెక్కన, ఆమెకంటే ఎక్కువ. "అది నిప్పుల కాడ పని, ఇది కూకుని చేసీ పని" అని ఆ తేడాను సమర్థించేది యజమాని కాదు, చిన్నమ్మే.

"చట్టంలో ఒకటే చిన్నమ్మా" అన్నాను.

"సట్టం సంగతి కాదే నానడిగింది."

ఆ మాటకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను. కాస్త పొడుగైన జవాబు.

నేనుండేది తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్. ఇక్కడ డిస్ట్రిక్ట్ లైన్ రైలెక్కితే నాలుగో స్టేషన్ డాగెన్‌హామ్. ఆ ఊళ్లో థేమ్స్ ఒడ్డున 1931లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ మొదలైంది. 1968 నాటికి అందులో కారు సీట్లకు తొడుగులు కుట్టే ఆడవాళ్లు 187 మంది. అంతకుముందు ఏడాదే కంపెనీ తన పనులన్నిటినీ తూచి ఏ, బీ, సీ అంటూ తరగతులు కట్టింది. కుట్టుపనిని తక్కువ నేర్పు చాలే పనిగా లెక్కేసి బీలో పెట్టింది. మరి ఆ ఉద్యోగం రావాలంటే ముందు మిషను మీద కుట్టి చూపించి పరీక్ష నెగ్గాలి. చేరేటప్పుడు నేర్పు కావాలి, చేరాక ఆ పనికి నేర్పు అక్కర్లేదు! పైగా బీ తరగతి మగవాడికి వంద వస్తే వీళ్లకు వచ్చేది ఎనభై అయిదు.

జూన్ 7న వాళ్లు మిషన్లు ఆపి బయటికొచ్చారు. లివర్‌పూల్ దగ్గర హేల్‌వుడ్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో కుట్టే ఆడవాళ్లూ తోడయ్యారు. సీట్లు లేని కారు ఎవరు కొంటారు? మూడు వారాలు తిరిగేసరికి కార్ల తయారీ ఆగిపోయింది. జూన్ 28న మంత్రి బార్బరా కాసిల్ వాళ్లను పిలిపించి, టీ ఇచ్చి మాట్లాడింది. వెంటనే మగవాళ్ల బీ రేటులో 92 శాతం, మరుసటి ఏడాది నుంచి మొత్తం రేటు ఇచ్చేలా రాజీ కుదిరింది. రెండేళ్లకు, 1970లో, బ్రిటన్‌కు సమాన వేతన చట్టం వచ్చింది. ఈ కథ మీద 2010లో సినిమా కూడా వచ్చింది.

సినిమాలో గెలుపు గెలుపే. కానీ ఆ ఆడవాళ్లు మొదట అడిగింది సీ తరగతి. "మాది నేర్పున్న పని, అలా రాయండి" అన్నది వాళ్ల గొడవ. చేతికొచ్చింది బీ తరగతి మగవాడితో సమానమైన జీతం. డబ్బు పెరిగింది, పనికి పెట్టిన పేరు మాత్రం మారలేదు. ఆ సీ తరగతి కోసం 1984లో మళ్లీ సమ్మె కట్టాల్సి వచ్చింది. అప్పటికి పదహారేళ్లు గడిచాయి. చట్టం రావడానికి రెండేళ్లు చాలాయి, నేర్పును నేర్పని ఒప్పించడానికి పదహారేళ్లు పట్టింది. ఈ దేశంలో జీతాల తేడా చరిత్రంతా నాకు ఈ రెండు లెక్కల మధ్యే కనిపిస్తుంది.

నిజానికి ఈ కోరిక 1968లో పుట్టింది కాదు. బ్రిటన్ కార్మిక సంఘాల మహాసభ ఒకే పనికి ఒకే కూలి అని 1888లోనే తీర్మానించింది. టీచర్లకు, సర్కారు ఉద్యోగులకు 1955 నుంచి 1961 దాకా వాయిదాల మీద సమానం చేశారు. ఫ్యాక్టరీల ఆడవాళ్ల వంతు వచ్చేసరికి 1970 చట్టం కూడా యజమానులకు అయిదేళ్ల గడువిచ్చింది. ఆడపని, మగపని ఒకదానితో ఒకటి పోల్చడానికి వీల్లేకుండా వేరు చేసుకోవడానికి ఆ గడువును వాడుకున్నవాళ్లూ ఉన్నారు.

ఆ గడువు తీరిన 1975ను ఐక్యరాజ్య సమితి మహిళా సంవత్సరంగా జరిపింది. ఆ ఏడాది సెప్టెంబరు 26న మన దేశంలో సమాన వేతన ఆర్డినెన్సు వచ్చింది. మరుసటి ఏడాది అదే చట్టమైంది. అక్టోబరు 24న ఐస్‌లాండ్‌లో పదిమంది ఆడవాళ్లలో తొమ్మిదిమంది ఆఫీసు పనీ ఇంటి పనీ రెండూ మానేశారు. పిల్లల్ని ఎక్కడ వదలాలో తెలియక తండ్రులు ఆఫీసులకు వెంట తీసుకెళ్లారు. డిసెంబరు 29న బ్రిటన్ చట్టం అమల్లోకొచ్చింది. ఈ విషయంలో తెల్లదొరల చట్టం కంటే మన ఆర్డినెన్సు మూడు నెలలు ముందే నిలబడిందని చెప్తే చిన్నమ్మ నమ్మదు.

అయితే రెండు చట్టాలకూ ఒకటే చిల్లు. చాలావరకు, ఒకేలాంటి పని చేస్తేనే సమాన కూలి అన్నాయి. మరి ఆడవాళ్లంతా ఒక పనిలో, మగవాళ్లంతా ఇంకో పనిలో ఉంటే? ఐరోపా న్యాయస్థానం తప్పుపట్టాక బ్రిటన్ 1984 నుంచి, పని వేరైనా విలువ సమానమైతే జీతమూ సమానమే అని చేర్చింది. బిర్కెన్‌హెడ్ ఓడల కార్ఖానా క్యాంటీన్‌లో వంట చేసే జూలీ హేవర్డ్ దాన్ని పట్టుకుంది. నా వంట ఆ రంగులేసేవాడి పనికి, ఆ వడ్రంగి పనికి తక్కువా అని అడిగింది. 1988లో దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి నెగ్గింది.

బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ కథ ఇంకా పెద్దది. చెత్త ఎత్తేవాళ్లకు, వీధులు ఊడ్చేవాళ్లకు, సమాధులు తవ్వేవాళ్లకు బోనస్ ఇచ్చింది. వాళ్లంతా దాదాపు మగవాళ్లే. వంటవాళ్లకు, క్లీనర్లకు, ముసలివాళ్లను చూసుకునేవాళ్లకు ఇవ్వలేదు. వాళ్లంతా దాదాపు ఆడవాళ్లే. 2012లో దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ బకాయిలు పేరుకుపోయి, 2023 సెప్టెంబరులో కొత్త ఖర్చులు పెట్టలేనని ఆ సంస్థ చేతులెత్తేయడానికి ఒక ముఖ్య కారణమయ్యాయి. గ్లాస్గోలో 2018 అక్టోబరులో సుమారు ఎనిమిది వేలమంది ఆడ కార్మికులు రెండు రోజులు సమ్మె చేశారు. వాళ్ల శిబిరం దాటి పనిలోకి పోమని చెత్తబండ్ల మగవాళ్లు కూడా ఆగిపోయారు. ఆ వార్త నేను రెండుసార్లు చదువుకున్నాను.

అయినా తేడా పోలేదు. 250 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా తన లెక్క బయట పెట్టాలని 2017లో నిబంధన వచ్చింది. దేశంలో పనిచేసే ఆడవాళ్లందరినీ గంట జీతం ప్రకారం వరసగా నిలబెట్టి, సరిగ్గా నడుమనున్న మనిషిని పిలవండి. మగవాళ్ల వరసలోంచీ అలాగే ఒకణ్ని పిలవండి. 2024 లెక్కలో వాళ్లిద్దరి మధ్య తేడా నూటికి 13. పూర్తికాలం పనిచేసేవాళ్లలోనైతే 7. తక్కిన ఆరూ ఎక్కడివంటే, పిల్లల కోసం సగం పూట పనికి మళ్లిన తల్లులవి చాలావరకు.

మన చట్టం చిల్లు మన పొలాల్లోనే కనిపిస్తుంది. దున్నేది మగవాడు, ఊడ్చేది ఆడది. పనులు వేరు, అందుకే కూలీ వేరు. నడుము వంచి బురదలో వరసగా నాటడం కూడా నేర్పు అనిపించుకోక అలవాటుగానే మిగిలిపోయింది. ఉపాధి పని వచ్చినప్పుడు మాత్రం ఒక మార్పు చూశాం. 2006లో మొదటి విడతలోనే విజయనగరం జిల్లాకు, మరుసటి ఏడాది శ్రీకాకుళానికి ఆ పథకం వచ్చింది. అక్కడ కొలిచేది తవ్విన మట్టిని. తట్ట మోసింది ఆడదా మగవాడా అని రేటు మారదు. మన ఆడవాళ్లు అంతమంది ఆ పనికి కదలడానికి అదీ ఒక కారణమే.

చిన్నమ్మ ప్రశ్న అడిగిన ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీ నుంచి ఇంటికి తెచ్చుకున్న పప్పు ఒలుస్తోంది. నేనూ కూర్చున్నాను. ఎండిన పొర గోటికి దొరకదు, దొరికిందని లాగితే పప్పు రెండు ముక్కలవుతుంది. ఆమె కబుర్లాడుతూనే, చేతి వంక చూడకుండా, ఒక్కటీ విరగకుండా ఒలుస్తోంది. గుండుకో ధర, బద్దకో ధర, నూకకో ధర. ఆ తేడా అంతా ఆ వేళ్లలోనే ఉంది.

"ఇందులో నేర్పేటుందే, అలవాటంతే" అంది.

అంటూనే నేను ఒలిచిన పప్పులన్నీ ఏరి, మాట్లాడకుండా నూక గిన్నెలో వేసింది.