శోథ సూచికలు: రాయలసీమ నేపథ్యంలో చరిత్ర

ఇన్‌ఫెక్షన్, గాయం, క్యాన్సర్ వంటి కారణాల వల్ల దేహంలో శోథం, అంటే ఇన్‌ఫ్లమేషన్, మొదలైనప్పుడు రక్తంలో హెచ్చే లేదా తగ్గే పదార్థాలను, కణాలను శోథ సూచికలు అంటారు. ఇవి జబ్బు పేరును చెప్పవు. జబ్బుకు దేహం ఎంత తీవ్రంగా స్పందిస్తున్నదో చెబుతాయి. రోగి కోలుకుంటాడా, పరిస్థితి విషమిస్తుందా అని ముందుగా అంచనా వేయడానికి వీటిని వాడడం క్షయ వైద్యంతో వ్యాప్తిలోకి వచ్చి, కోవిడ్ కాలానికి సామాన్య ప్రజల మాటల్లోకి కూడా చేరింది. కర్నూలు, కడప ప్రాంతాలకు ఈ చరిత్రలోని రెండు చివరలతోనూ సంబంధం ఉంది.

ఈఎస్‌ఆర్, క్షయ

గడ్డకట్టకుండా చేసిన రక్తాన్ని నిలువు గొట్టంలో ఉంచినప్పుడు ఎర్ర కణాలు గంటలో ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగుతాయో కొలిచే పరీక్ష ఈఎస్‌ఆర్. శోథం ఉన్నప్పుడు కాలేయం ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారు చేయడంతో, ఎర్ర కణాలు నాణేల దొంతిలా ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి త్వరగా దిగుతాయి. ఈ వేగానికి, జబ్బుకు ఉన్న సంబంధాన్ని 1897లో పోలండ్ వైద్యుడు ఎడ్మండ్ బియెర్నాట్స్కీ వివరించగా, 1918లో స్వీడన్‌కు చెందిన రాబర్ట్ ఫారియస్ గర్భిణుల రక్తంలో దాన్ని మళ్లీ గమనించాడు. ఆల్ఫ్ వెస్టర్‌గ్రెన్ 1921లో ఊపిరితిత్తుల క్షయ రోగులపై తన పరిశీలనలను ప్రకటించాడు. 200 మిల్లీమీటర్ల వరకు గీతలున్న సన్నని గాజు గొట్టం, సోడియం సిట్రేట్ ద్రావణం తప్ప మరేమీ అక్కరలేని ఆయన పద్ధతే నేటికీ ప్రామాణికం.

మందు లేని ఆ రోజుల్లో క్షయ రోగికి విశ్రాంతి, పౌష్టికాహారం, గాలి వెలుతురులే ప్రధాన చికిత్స కాబట్టి, జబ్బు ఎటు నడుస్తున్నదో తెలిపే చవక కొలతకు శానటోరియాల్లో విలువ ఎక్కువగా ఉండేది. రాయలసీమలో అటువంటి వైద్యానికి కేంద్రమైనది మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోనే ఉండేది. 1912లో మొదలైన అక్కడి యూనియన్ మిషన్ క్షయ శానటోరియానికి డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోల్లర్ సారథ్యం వహించాడు. క్షయ మందు స్ట్రెప్టోమైసిన్‌పై 1948లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో కూడా రోగి చేరినప్పటి ఈఎస్‌ఆర్‌ను నమోదు చేసి, తదుపరి ఫలితంతో పోల్చి చూశారు. తర్వాత మద్రాసులో జరిగిన పరిశోధన ఇంటి వద్ద మందులతోనే క్షయ నయమవుతుందని నిరూపించడంతో శానటోరియాల ప్రాధాన్యం తగ్గింది. ఈఎస్‌ఆర్ మాత్రం తాలూకా కేంద్రాల ల్యాబుల దాకా పాకింది.

సీఆర్‌పీ రాక

1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తంలో ఒక పదార్థాన్ని కనుగొన్నారు. న్యుమోకాకస్ బ్యాక్టీరియాలోని సి-పాలిసాకరైడ్‌తో కలిసి అవక్షేపంగా మారే ఆ పదార్థం, జబ్బు ముదిరినప్పుడు కనిపించి, రోగి కోలుకోగానే మాయమయ్యేది. దానికి స్థిరపడిన పేరు సి-రియాక్టివ్ ప్రొటీన్, పొట్టిగా సీఆర్‌పీ. ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రొటీన్ ప్రేరణతో దీన్ని కాలేయం తయారు చేస్తుంది. రక్తంలో సగం తగ్గడానికి దీనికి దాదాపు 19 గంటలే పడుతుంది కనుక, వారాల తరబడి ఎక్కువగానే ఉండిపోయే ఈఎస్‌ఆర్ కంటే ఇది చికిత్స ఫలితాన్ని త్వరగా చూపుతుంది.

1997లో పాల్ రిడ్కర్ బృందం, పైకి ఆరోగ్యంగా ఉన్న పురుషుల్లో సీఆర్‌పీ స్వల్పంగా ఎక్కువగా ఉన్నవారికి తర్వాతి కాలంలో గుండెపోటు ముప్పు కూడా ఎక్కువని చూపింది. 2001లో స్లొవేకియా వైద్యుడు జహోరెక్ న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల సంఖ్యను లింఫోసైట్లనే మరో రకం తెల్ల రక్తకణాల సంఖ్యతో భాగించే నిష్పత్తిని శోథ సూచికగా ప్రతిపాదించాడు. మామూలు రక్తకణాల లెక్కలో న్యూట్రోఫిల్స్ 80 శాతం, లింఫోసైట్లు 10 శాతం ఉంటే నిష్పత్తి 8 అవుతుంది. అదనపు ఖర్చేమీ లేకపోవడం వల్ల, బోధనాసుపత్రుల పరిశోధనల్లో ఈ నిష్పత్తికి ఆదరణ పెరిగింది. 2003లో గ్లాస్గో వైద్యులు సీఆర్‌పీని, ఆల్బుమిన్ ప్రొటీన్‌ను జోడించి, శస్త్రచికిత్సకు వీలులేని ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల ఆయుష్షును అంచనా వేసే స్కోరును రూపొందించారు.

కోవిడ్ కాలం

1956లో నెలకొన్న కర్నూలు వైద్య కళాశాల, దాని అనుబంధ సర్వజన వైద్యశాల, 2006లో ఏర్పడిన కడప రిమ్స్ ఈ ప్రాంతపు ప్రధాన ప్రభుత్వ బోధనా కేంద్రాలు. 2020 ఏప్రిల్ చివర్లో రాష్ట్రంలోనే అత్యధిక కోవిడ్ కేసులు కర్నూలు జిల్లాలో నమోదయ్యాయి. అంతకుముందు వైద్యుల నోట మాత్రమే వినిపించిన సీఆర్‌పీ, ఫెర్రిటిన్, డీ-డైమర్ అనే పేర్లు ఆ తర్వాత ఇంటింటా వినిపించాయి. వీటిలో డీ-డైమర్ నిజానికి రక్తం గడ్డకట్టడాన్ని సూచించేదే అయినా, శోథ సూచికలతో పాటే దాన్ని చూసేవారు. వైరస్ కంటే దేహపు అతి స్పందనే కొందరికి ప్రాణాంతకమవుతున్నదని తేలడంతో, సూచికలు అంచనాను దాటి మందుల ఎంపికకు కూడా ఆధారమయ్యాయి. బ్రిటన్‌లో 4,116 మందిపై జరిగిన రికవరీ పరిశోధన, ఆక్సిజన్ తగ్గి, సీఆర్‌పీ లీటరుకు 75 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉన్నవారికి టోసిలిజుమాబ్ అనే మందు ఇచ్చినప్పుడు మరణాలు 35 శాతం నుంచి 31 శాతానికి తగ్గినట్టు 2021లో చూపింది. భారత ప్రభుత్వ మార్గదర్శకాల్లో కూడా ఈ మందు ఇవ్వడానికి శోథ సూచికల పెరుగుదల ఒక షరతుగా చోటు చేసుకుంది.

పరిమితులు

ఈ కొలతలను ప్రాంతపు పరిస్థితులను బట్టి చదువుకోవాలి. ఎర్ర కణాలు తక్కువైతే అవి వేగంగా దిగుతాయి కనుక, రక్తహీనత ఉన్నవారిలో శోథం లేకపోయినా ఈఎస్‌ఆర్ ఎక్కువగా కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో సగానికి పైగా రక్తహీనత గలవారే. పరీక్షను 18 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ మధ్య చేయాలన్నది నియమం. ఎండాకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడపల్లో, ఏసీ లేని ల్యాబులో అదే రక్తం ఎక్కువ అంకెను చూపవచ్చు. మరోవైపు స్టెరాయిడ్ మందులు శోథాన్ని అణచి సీఆర్‌పీని తగ్గిస్తాయి కాబట్టి, తక్కువ అంకె కనిపించిన ప్రతిసారీ ఇన్‌ఫెక్షన్ పోయినట్టు కాదు. వీటన్నిటి దృష్ట్యా వైద్యులు ఒక్కసారి వచ్చిన అంకె కంటే, అదే ల్యాబులో అదే పద్ధతిలో వరుసగా చేసిన పరీక్షల దిశకు, దాన్ని రోగి శ్వాస, జ్వరం, ఆక్సిజన్ స్థాయిలతో కలిపి చూడడానికి ఎక్కువ విలువ ఇస్తారు.