వెనుకబడిన అభ్యర్థి బరిలో కొనసాగడం: 2008 డెమొక్రటిక్ ప్రైమరీలు

అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు జరిగే పార్టీ ప్రైమరీల్లో, గెలుపు ఆశ సన్నగిల్లిన అభ్యర్థి బరిలో ఉండాలా తప్పుకోవాలా అన్న చర్చ తరచూ రేగుతుంది. మన దగ్గర టికెట్ సంగతి అధిష్ఠానం తేల్చేస్తుంది. అక్కడ రాష్ట్రాలవారీగా ఓటర్లే నెలల తరబడి తేలుస్తారు కనుక, "ఇక చాలు" అని ఆపే అధికారం ఎవరికీ లేదు. 2008లో బరాక్ ఒబామా, హిల్లరీ క్లింటన్‌ల పోటీలో ఈ చర్చ బాగా ముదిరింది.

ఫిబ్రవరి 5న, ఒకే రోజు ఇరవైకి పైగా రాష్ట్రాలు ఓటేసిన సూపర్ ట్యూజ్‌డే నాడు, ఇద్దరూ దాదాపు సమంగా నిలిచారు. ఆపై ఆ నెలంతా గెలుపులు ఒబామావే. పార్టీ మహాసభలో అభ్యర్థిని ఖరారు చేసేందుకు ఎన్నికైన ప్రతినిధుల్లో ఆయన ఆధిక్యం వంద దాటింది. అది చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ పూడ్చడం మహా కష్టం. ఎందుకంటే డెమొక్రాట్లు ప్రతినిధులను ఓట్ల దామాషాలో పంచుతారు, ఓడినవారికీ వాటా దక్కుతుంది. మార్చి 4న టెక్సాస్ ప్రైమరీలో ఎక్కువ ఓట్లు క్లింటన్‌కే వచ్చాయి. అదే రాత్రి అక్కడే మొదలైన కాకస్‌లలో (ఓటర్లు సమావేశమై మద్దతు తేల్చే పద్ధతి) ఒబామాది పైచేయి అయింది. లెక్కలన్నీ తేలేసరికి ఆయనకు 99 మంది, ఆమెకు 94 మంది! పెన్సిల్వేనియాలో తొమ్మిది శాతం తేడాతో గెలిచినా ఆమెకు అదనంగా కలిసొచ్చింది 12 మందే.

అయితే ఈ దామాషా ముందున్నవారికీ అడ్డమే. ఒక్క ప్రైమరీల బలంతో ఒబామా కూడా ప్రతినిధుల్లో మెజారిటీ చేరలేకపోయారు. మిగిలింది సూపర్ డెలిగేట్లు. పార్టీ ఎంపీలు, గవర్నర్లు, పెద్దలు కలిపి 800కు పైగా ఉన్న వీరు ఇష్టమైనవారికి ఓటేయవచ్చు. క్లింటన్ ఆశంతా వీరి మీదే.

మార్చి నెలాఖరులో సెనెటర్ ప్యాట్రిక్ లేహీ ఆమె తప్పుకోవాలని బహిరంగంగానే అన్నారు. పోరు సాగితే పార్టీ చీలుతుందన్న భయం ఒకటి; అటు రిపబ్లికన్ జాన్ మెకెయిన్ అప్పటికే అభ్యర్థిత్వం ఖాయం చేసుకుని తీరిగ్గా ఉన్నారు. ఇంకా ఓటేయని రాష్ట్రాల నోరు నొక్కడం ఏమిటన్నది క్లింటన్ వర్గం జవాబు. ఆమె జూన్ 3న చివరి ప్రైమరీల దాకా నిలిచి, 7న ప్రచారం ఆపి ఒబామాను బలపరిచారు. ఆగస్టులో డెన్వర్ మహాసభలో ఆయన్ను ఏకగ్రీవంగా ఎన్నుకోవాలని ప్రతిపాదించిందీ ఆమే.

పార్టీ చీలుతుందన్న భయం నిజం కాలేదు. పైగా మే 6న పోటాపోటీ ప్రైమరీలు జరిగిన ఇండియానా, నార్త్ కరోలినాలను నవంబరులో ఒబామా గెలుచుకున్నారు. ఇండియానాలో 1964 తరువాత డెమొక్రాట్ గెలవడం అదే మొదలు. ఆర్థిక సంక్షోభం కూడా తోడైంది కనుక ఘనతంతా ప్రైమరీలకే కట్టబెట్టలేం. కానీ ఆ రాష్ట్రాల్లో కార్యకర్తల బలగం వసంతంలోనే తయారైంది.

1980 డెమొక్రటిక్ ప్రైమరీల్లో వెనుకబడిన ఎడ్వర్డ్ కెనెడీ దారి వేరు. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు కావలసిన ప్రతినిధులు దొరికిపోయాక కూడా, వారు నచ్చినవారికి ఓటేసేలా నిబంధన మార్చాలని న్యూయార్క్ మహాసభలో పోరాడి ఓడారు. నవంబరులో కార్టర్ ఓడిపోయారు. ఇరాన్‌లో బందీలైన అమెరికన్ల సమస్య, ధరల మంట ఉండగా ఆ ఓటమిని కెనెడీ ఖాతాలో వేయడం అన్యాయమే. అయినా ఎప్పుడు తప్పుకున్నారన్నదాని కన్నా ఎలా తప్పుకున్నారన్నదే పార్టీకి ఎక్కువ తగులుతుందని ఈ రెండు ఉదంతాలు చూస్తే అనిపిస్తుంది.

నిలబడితే ఖర్చూ ఉంటుంది. క్లింటన్ సొంత డబ్బు కోటి డాలర్లకు పైగా ప్రచారానికి అప్పిచ్చారు. తప్పుకునేటప్పుడు కూడా చాలామంది అభ్యర్థులు "విరమించాం" అనక "ప్రచారం నిలిపివేశాం" అనడానికి, గెలిచిన ప్రతినిధులను వదులుకోకూడదన్నది ఒక కారణం.

క్లింటన్ ఆశ పెట్టుకున్న సూపర్ డెలిగేట్ల విషయంలో 2018లో డెమొక్రాట్లు నిబంధన మార్చారు. ఏ అభ్యర్థికీ స్పష్టమైన మెజారిటీ లేనప్పుడు మహాసభ తొలి రౌండులో వారికి ఓటు లేదు. ఆ తరువాతి ఎన్నికల్లో, 2020 ఏప్రిల్ 8నే, డెమొక్రటిక్ పోటీలో వెనుకబడిన బెర్నీ శాండర్స్ ప్రచారం ఆపేశారు.