హార్ట్‌ఫర్డ్ వదిలిపోయిన అగస్టస్ వాషింగ్టన్

జడ్చర్ల నుంచి ఫోన్ చేసేవాళ్లు అమెరికాకు ఎట్లా రావాలని అడుగుతారు. ఇక్కడ పుట్టినవాళ్లు ఈ దేశాన్ని ఎందుకు విడిచిపోయినారని ఇంతవరకు ఎవరూ అడగలేదు. బొంబాయి మేస్త్రీల వెంట ఊళ్లకు ఊళ్లే పోయిన పాలమూరు మనది, వలస సంగతి మనకు ఒకరు చెప్పేదేముంది. అందుకే ఈ దేశ చరిత్రను ఇక్కడికి వచ్చినవాళ్ల వైపు నుంచి చెప్పను. ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, గిరాకీ బాగున్న ఫోటో స్టూడియో మూసేసి పోయిన ఒకాయన వైపు నుంచి చెప్తాను. నేనుండే కనెటికట్ రాష్ట్రానికి రాజధాని హార్ట్‌ఫర్డ్. ఆ ఊరి మెయిన్ స్ట్రీట్ మీదే ఆయన స్టూడియో ఉండేది. పేరు అగస్టస్ వాషింగ్టన్.

1820 ప్రాంతంలో న్యూజెర్సీలోని ట్రెంటన్‌లో పుట్టాడు. ఎడిసన్‌లో ఉండే మనవాళ్లకు అది దూరమేమీ కాదు. తండ్రి ఒకప్పుడు బానిస. తల్లి దక్షిణాసియా మూలాలున్న మనిషి. 1780ల నుంచే అమెరికా ఓడలు పాండిచ్చేరి, మద్రాసు, కలకత్తా రేవులకు వచ్చిపోయేవి. ఆ తల్లిది మన కోరమాండల్ తీరమేమో అనిపిస్తుంది కానీ, అంత దూరం లాగను.

న్యూజెర్సీ బానిసత్వాన్ని తీసేస్తామని 1804లో చట్టం చేసింది. అదీ ఒక్కసారిగా కాదు, అంచెలంచెలుగా. ఉత్తరాది రాష్ట్రాలంటే మొదటి నుంచీ స్వేచ్ఛ ఉన్నవని మన పుస్తకాల్లో చదువుకున్నాం. కనెటికట్ సంగతి చూడండి: ఇక్కడ బానిసత్వం పూర్తిగా పోయింది 1848లో. 1818 నాటి రాజ్యాంగం ఓటు తెల్ల మగవాళ్లకే ఇచ్చింది. నల్లవాళ్లకూ ఇద్దామా అని 1847లో ఓటర్లను అడిగితే భారీ తేడాతో వద్దన్నారు.

ఆ రోజుల్లోనే వాషింగ్టన్ చదువు కోసం తిప్పలు పడ్డాడు. 1843లో డార్ట్‌మత్ కాలేజీలో చేరినప్పుడు అక్కడ నల్లజాతి విద్యార్థి ఆయనొక్కడే. ఫీజుల కోసం డాగెరోటైప్ అనే ఫోటోలు తీయడం నేర్చుకున్నాడు. 1839లో పారిస్‌లో బయటపెట్టిన ఆ పద్ధతిలో నెగెటివ్ ఉండదు. వెండి పూత పూసిన రాగిరేకును నిగనిగలాడేదాకా రుద్ది, అయోడిన్ ఆవిరి పట్టించి, కెమెరాలో పెట్టి తీయాలి. ఆ తర్వాత పాదరసం ఆవిరి మీద చూపిస్తే బొమ్మ తేలుతుంది. ఒక రేకుకు ఒకటే ఫోటో, రెండో కాపీ రాదు. అందులోనూ అద్దంలో చూసుకున్నట్టు కుడి ఎడమలు తారుమారు. అప్పులు పెరిగి, 1844లో కాలేజీ మానేశాడు. హార్ట్‌ఫర్డ్ వచ్చి నల్లజాతి పిల్లల బడిలో పంతులుగా చేరి, 1846లో స్టూడియో తెరిచాడు.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లే. ఊళ్లో పేరున్న కవయిత్రి లిడియా సిగోర్నీ ఆయన ముందు కూర్చుంది. ఫోటో యాభై సెంట్ల నుంచి పది డాలర్ల దాకా ఉండేది. ఫోటో తీసేవాడి ముందు ఒదిగి, తల కదపకుండా కూర్చున్న ఆ పెద్దమనుషుల్లో ఎంతమంది 1847లో వద్దని ఓటేశారో అని నాకు ఆలోచన పోతుంది.

ఆయన తీసిన వాటిలో అందరికీ తెలిసింది జాన్ బ్రౌన్ చిత్రం, 1846-47 నాటిది. అప్పటికి బ్రౌన్ దగ్గర్లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్ని వ్యాపారి. ఒక చెయ్యి ప్రమాణం చేస్తున్నట్టు ఎత్తి, రెండో చేత్తో జెండా పట్టుకుని నిలబడ్డాడు. బానిసలను తప్పించి ఉత్తరానికి చేర్చాలని ఆయన వేసుకున్న పథకానికి ఆ జెండా గుర్తు అంటారు. 1859 అక్టోబర్‌లో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద దాడి చేసి, డిసెంబర్ 2న ఉరికంబం ఎక్కిన బ్రౌన్ ఇతనే. ఆయన బొమ్మల్లో మనకు తెలిసిన మొదటిది ఇదే, ఇప్పుడు వాషింగ్టన్ నగరంలోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది.

1850లో పారిపోయిన బానిసల చట్టం వచ్చింది. దక్షిణాది యజమాని ఫలానా మనిషి నాదే అంటే, ఉత్తరాదిలోనైనా పట్టి అప్పగించాల్సిందే. పట్టుబడ్డవాడికి జ్యూరీ విచారణ లేదు. బానిసగా పుట్టనివాళ్లకూ నిద్ర పట్టని కాలమది. మరుసటి ఏడు వాషింగ్టన్ న్యూయార్క్ ట్రిబ్యూన్‌కు రాశాడు: ఈ దేశంలో మనకు సమానత్వం రాదు, ఆఫ్రికాకు పోదాం అని. ఫ్రెడరిక్ డగ్లస్ వంటి నల్లజాతి నాయకులకు ఈ మాట అసలు గిట్టలేదు. మా చెమటతో కట్టిన దేశం, ఎందుకు పోవాలి అన్నది వాళ్ల వాదన. పైగా నల్లవాళ్లను ఆఫ్రికాలోని లైబీరియాకు పంపే అమెరికన్ కాలనైజేషన్ సొసైటీని 1816లో పెట్టినవాళ్లలో బానిసల యజమానులూ ఉన్నారు. నా ఓటు డగ్లస్‌కే. కానీ హెచ్-వన్ వీసా మీద వచ్చి, పోవడమా ఉండడమా అని ఎదుటివాడికి చెప్పే అర్హత నాకెక్కడిది?

1853 నవంబర్‌లో భార్య కార్డీలియాతో, ఇద్దరు చిన్నపిల్లలతో లైబీరియాకు ఓడెక్కాడు. అక్కడి రాజధాని మన్రోవియాలో మళ్లీ కెమెరా పెట్టాడు. కొత్త దేశాన్ని గొప్పగా చూపించాలని సొసైటీ ఆయనతో లైబీరియా సెనేటర్ల చిత్రాలు తీయించింది. ఒకరు బల్ల ముందు కూర్చుని, ఒకరు లేచి మాట్లాడుతున్నట్టు, అందరూ కోటు వేసుకున్న నల్లజాతి శాసనకర్తలు. అప్పటి అమెరికా రాజధానిలో అట్లాంటి దృశ్యం దొరకదు. అంతమాత్రాన భజన చేయలేదు. ఆరు నెలలకే పత్రికకు రాస్తూ, జ్వరాలతో జనం రాలిపోతున్న సంగతీ, వచ్చినవాళ్లను సరిగ్గా చూసుకోని సంగతీ దాచలేదు.

తర్వాత సెయింట్ పాల్ నది ఒడ్డున చెరుకు తోటలు వేశాడు. జడ్జి అయ్యాడు. 1863లో ప్రతినిధుల సభకు గెలిచి, 1865 నుంచి 1869 దాకా దాని స్పీకర్‌గా ఉన్నాడు. 1871లో సెనేట్‌కు వెళ్లాడు. మన హైదరాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ కథ దీనికి తిరగేసినట్టుంటుంది. ఇండోర్ పబ్లిక్ వర్క్స్‌లో సర్కారీ కొలువు చేసి, అది విడిచి కెమెరా పట్టి, మన జిల్లాకు పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానానికి చేరాడాయన.

వాషింగ్టన్ 1875 జూన్‌లో మన్రోవియాలో పోయాడు. ఆయన కూర్చున్న సభలో ఆ నేల మీద తరతరాలుగా ఉన్న క్పెల్లే, బస్సా, వాయి జనాలకు చోటు లేదు. అమెరికాలో తమకు జరిగిందే వచ్చినవాళ్లు అక్కడ చేశారు. స్థానికులకు పౌరసత్వం 1904లో గానీ రాలేదు. ఆ పెత్తనం 1980 ఏప్రిల్‌లో సైనిక తిరుగుబాటుతో, నెత్తురుతో ముగిసింది. అమెరికా మాత్రం లైబీరియాను ఒక దేశంగా గుర్తించింది 1862లో, లింకన్ కాలంలో. అంటే వాషింగ్టన్ అక్కడికి ఓడెక్కిన తొమ్మిదేళ్లకు.

ఆ సెనేటర్ల ఫోటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. బాదేపల్లి పిల్లలకు చరిత్ర చెప్పే పంతుళ్లు జాన్ బ్రౌన్ బొమ్మతో పాటు వాటినీ చూపిస్తే బాగుంటుంది.