చక్కెర తిని ప్లాస్టిక్ ఇచ్చే సూక్ష్మజీవి

తెలంగాణలో కల్హేర్ పొరుగున మంజీర నది మీద నిజాంసాగర్ జలాశయం 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో చెరకు పెరిగింది, చెరకు కోసం 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. చెరకు గిట్టుబాటు లెక్క ఈ మంజీర తీరానికి కొత్త కాదు. మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ చరిత్రను నడిపించింది కూడా అలాంటి లెక్కే: కిలో ప్లాస్టిక్ రావాలంటే బాక్టీరియాకు సుమారు మూడు కిలోల చక్కెర పెట్టాలి.

1926లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మారిస్ లెమోయిన్ బాసిల్లస్ మెగాటీరియం అనే బాక్టీరియా కణాల్లో ఒక పాలిస్టర్‌ను గుర్తించాడు. అదే పీహెచ్‌బీ, మట్టిలో కలిసిపోయే ఆ ప్లాస్టిక్. రైతు గుమ్మిలో గింజలు పోసుకున్నట్టు, కరువు కాలానికి బాక్టీరియా దాచుకునే తిండి అది. తినడానికి చక్కెర దండిగా ఉండి, నత్రజనో భాస్వరమో కరువైతే కణం పెరగలేదు. మిగిలిన కార్బన్‌ను పీహెచ్‌బీగా మార్చి దాస్తుంది. కొన్ని జాతుల్లో ఎండు బరువులో 80 శాతానికి పైగా ఇదే ఉంటుంది.

1970లలో చమురు ధర మండిపోయాక బ్రిటన్ కంపెనీ ఐసీఐ దీన్ని పట్టించుకుంది. బయోపాల్ పేరుతో వచ్చిన దాని ప్లాస్టిక్‌తో 1990లో జర్మనీలో వెల్లా షాంపూ సీసాలు తయారయ్యాయి. వస్తువు మంచిదే. ధర మాత్రం మామూలు ప్లాస్టిక్‌కు ఎన్నో రెట్లు.

అప్పటికే పరిశోధకులు కణం లోపలికి దృష్టి మళ్లించారు. చక్కెర విరిగితే ఎసిటైల్ కో-ఏ వస్తుంది. శక్తికీ పెరుగుదలకీ ఆధారం అదే, పీహెచ్‌బీకీ అదే. మొదటి ఎంజైమ్ రెండు ఎసిటైల్ కో-ఏలను జోడిస్తుంది, రెండోది దానికి హైడ్రోజన్ చేర్చి క్షయకరణం చేస్తుంది, మూడోది ముక్కలను గొలుసుగా అల్లుతుంది. కణం పెరుగుతున్నంతసేపూ విడిగా పోగయ్యే కో-ఏ మొదటి ఎంజైమ్‌కు పగ్గం వేస్తుంది. నత్రజని కరువైతే ఆ పగ్గం సడలుతుంది. కణాన్ని ఆకలితో మాడ్చకుండానే ఆ పగ్గం విప్పడం ఎలా?

1988, 89లలో ఈ మూడు ఎంజైమ్‌ల జన్యువులను రాల్‌స్టోనియా అనే బాక్టీరియా నుంచి వేరుచేసి ఈ.కోలై అనే మరో బాక్టీరియాలో పెట్టారు. ఎంఐటీలో ఆలివర్ పీపుల్స్, ఆంథొనీ సిన్‌స్కీ, జర్మనీలో స్టైన్‌బ్యూషెల్ బృందం, అమెరికాలోనే మరోచోట డగ్లస్ డెన్నిస్ బృందం దాదాపు ఒకే కాలంలో ఈ పని చేశారు. ఈ చరిత్రలో అసలైన మలుపు ఇదేనని నా నమ్మకం. ఈ.కోలైకి పీహెచ్‌బీని తయారుచేసే విద్యా లేదు, కరిగించుకునే విద్యా లేదు. కాబట్టి కూడబెట్టినదాన్ని మళ్లీ తినెయ్యదు. కొరియాలో సాంగ్ యుప్ లీ బృందం 1998 నాటికి లీటరు ద్రవానికి 140 గ్రాములకు పైగా పీహెచ్‌బీ పండించింది.

మొక్కల్లోనే ప్లాస్టిక్ పండిద్దామన్న మోన్‌శాంటో కంపెనీ ప్రయత్నం నిలబడలేదు. మెటబాలిక్స్, ఏడీఎం కంపెనీలు కలిసి అయోవాలో మక్క చక్కెరతో నడిపిన భారీ కర్మాగారపు భాగస్వామ్యం 2012లో ముగిసింది. బాక్టీరియా దిగుబడి అంత పెరిగినా మేత ఖర్చు వదల్లేదు.

హైదరాబాద్ పరిశోధకుల కృషి విలువ ఇక్కడ తెలుస్తుంది. 1996లో సి.హెచ్. శశికళ, సి.హెచ్. వెంకట రమణ ఇలాంటి పాలిస్టర్ల మీద సుమారు 120 పేజీల సమీక్ష ప్రచురించారు. తార్నాకలోని పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఎస్. వెంకట మోహన్ బృందం వ్యర్థాల నుంచి హైడ్రోజన్ తీశాక మిగిలే ఆమ్లాల నీటినే బాక్టీరియాకు మేతగా వేసింది. హోటళ్లలో, ఇళ్లలో మిగిలిన అన్నం, కూరల వ్యర్థాన్నీ వాడి చూసింది. ఒక్క జాతిని కాక మిశ్రమ బాక్టీరియాను పెంచితే పాత్రలన్నిటినీ ఆవిరితో శుద్ధి చేసే ఖర్చు తప్పుతుంది, మేతకు దాదాపు ధరే ఉండదు. జన్యువులు మార్చిన ఈ.కోలైతో పోలిస్తే దిగుబడి తక్కువే. అయినా మనలాంటి ప్రాంతానికి ఈ దారే దగ్గరిదని నాకు అనిపిస్తుంది.

మరో దారీ ఉంది. పత్తి కట్టెలో, మక్క చొప్పలో జైలోజ్ అనే చక్కెర బందీగా ఉంటుంది, ఈ.కోలై దాన్ని తినగలదు. జన్యువులు మార్చిన ఈ.కోలై జైలోజ్ నుంచి పీహెచ్‌బీ చేయగలదని 1990లలోనే రుజువైంది. కట్టెను ఉడికించి, నానబెట్టి ఆ చక్కెరను విడిపించడానికయ్యే ఖర్చు తగ్గితే, చేనులో తగలబెట్టే పత్తి కట్టెకు కొనేవాడు దొరుకుతాడు.