కాశీ వీరన్న

కాశీ వీరన్న (మరణం 1680) చెన్నపట్నంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ప్రధాన వర్తకుడిగా వ్యవహరించిన తెలుగు వ్యాపారి. కంపెనీ కాగితాల్లో ‘కాసా వెరోనా’గా కనిపిస్తాడు. విదేశీ కంపెనీకి మన గడ్డమీద సరుకు, సలహా, పలుకుబడి సమకూర్చి పెట్టినవారిలో ఇతని స్థానం పెద్దది. మన చరిత్ర పుస్తకాల్లో దక్కిన చోటు మాత్రం చిన్నది.

1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇచ్చిన పట్టాతో ఇంగ్లీషువారు చెన్నపట్నంలో కోట కట్టుకున్నారు. ఇక్కడి భాష, లెక్క, మర్యాద వారికి కొత్త. మొదట్లో ఆ లోటు తీర్చింది బేరి తిమ్మన్న. తర్వాత తిమ్మన్న, వీరన్న కలిసి కంపెనీ వ్యాపారాన్ని నడిపారు. 1678లో తిమ్మన్న చనిపోవడంతో పెత్తనమంతా వీరన్నదే అయింది.

కంపెనీకి కావలసింది ప్రధానంగా నూలుబట్ట. లండన్ నుంచి ఏ రకం ఎన్ని తానులు కావాలో ఉత్తరువు వచ్చేది. కోటలోని దొరలు ఆ మేరకు వీరన్నతో ధర కుదుర్చుకుని, ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టేవారు. అది చిన్న వర్తకుల మీదుగా నేతపల్లెలకు బయానాగా చేరేది. బట్ట వచ్చాక గిడ్డంగిలో మచ్చుతో సరిచూసి, పొడవూ వెడల్పూ నేతా చూసి, నాసిరకాన్ని తిప్పికొట్టేవారు. వానలు తప్పి పత్తి, ధాన్యం ధరలు పెరిగినా, దారిలో సుంకం కోసం సరుకు ఆపినా, ఓడ కదిలే వేళకు బట్ట సిద్ధంగా ఉండాలి. ఆ పూచీ వీరన్నది. ఇంత భారం ఒక్కడివల్ల అయ్యేది కాదు. అందుకే ఇతర వర్తకుల పెట్టుబడినీ కూడగట్టి, తన పేరుమీద ఉమ్మడి వ్యాపారం నడిపాడు.

ఇతని బలం ఒక్క కోటలోనే లేదు. చుట్టూ ఉన్న నేల గోల్కొండ సుల్తానుది. చెన్నపట్నానికి కంపెనీ ఏటా 1,200 వరహాలు కట్టేలా 1672లో గోల్కొండ అధికారి నేక్నామ్ ఖాన్‌తో ఒప్పందం కుదిరింది. ఆ గోల్కొండ సర్కారుతోనూ వీరన్నకు దగ్గరి సంబంధం ఉండేది. ఫ్రెంచివారి చేతినుంచి 1674లో గోల్కొండకు దక్కిన పొరుగు రేవు శాంథోమును గుత్తకు తీసుకున్నాడు. గోల్కొండవారు ఇతన్ని ‘హసన్ ఖాన్’ అని పిలిచేవారు. చెన్నపట్నంలోని మూర్ వీధి మసీదు ఇతను కట్టించిందే అంటారు. కంపెనీ ఇతని మాట వినడానికి అసలు కారణం ఈ రెండువైపుల పరపతేనని నా అభిప్రాయం.

అంత పరపతి ఆరోపణలనూ తెచ్చిపెట్టింది. వీరన్న దగ్గర ఏటా 20,000 వరహాలు పుచ్చుకుంటున్నాడని గవర్నర్ విలియం లాంగ్‌హార్న్ మీద ఫిర్యాదులు లండన్ చేరాయి. లాంగ్‌హార్న్ పదవి పోయింది. 1678లో స్ట్రైన్షామ్ మాస్టర్ గవర్నరయ్యాక కూడా వీరన్న స్థానం చెక్కుచెదరలేదు. గవర్నర్లు మారినా బట్ట తెప్పించగల మనిషి అతనే మరి.

1680 మార్చిలో వీరన్న మరణించినప్పుడు కోటలో గౌరవసూచకంగా ఫిరంగులు పేల్చారు. భార్యల్లో ఒకామె సహగమనానికి సిద్ధపడగా మాస్టర్ అనుమతించలేదు. తర్వాత ప్రధాన వర్తకుడి స్థానం తిమ్మన్న తమ్ముడు పెద్ద వెంకటాద్రికి దక్కింది.

ఇలాంటి మధ్యవర్తులు ఒక్క కోరమండల్ తీరానికే పరిమితం కాదు. చైనాలోని కాంటన్ రేవులో విదేశీ వర్తకులకు పూచీపడిన హౌక్వా (1769–1843) ఆ కాలపు మహా సంపన్నుల్లో ఒకడు. జార్డిన్ మాథెసన్ కంపెనీకి పదేళ్లు వ్యవహారాలు నడిపిన టాంగ్ టింగ్‌షూ, 1873లో చైనావారి సొంత ఆవిరి ఓడల కంపెనీ నిర్వహణలోకి వెళ్లాడు. ఆ అనుభవం అక్కడ స్వదేశీ పరిశ్రమకు పనికొచ్చింది.

ఇక్కడ అలా జరగలేదు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. పద్దెనిమిదో శతాబ్దం చివరికి కంపెనీ తన గుమాస్తాలనే నేతపల్లెలకు పంపసాగింది. ప్రధాన వర్తకుల అవసరం తగ్గిపోయింది. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాక, వాటికి థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. ఒకప్పుడు గోల్కొండకు ఏటా వరహాలు కట్టిన కంపెనీ, అక్కడి రైతుల దగ్గర శిస్తు వసూలు చేయడం మొదలుపెట్టింది.