శరీర బరువు మోకీళ్లపై, తుంటి కీళ్లపై ఎలా ప్రభావం చూపుతుంది?

మోకాళ్ల నొప్పితో వైద్యుని వద్దకు వెళ్లే స్థూలకాయులకు దాదాపు ప్రతిసారీ వినిపించే సలహా ఒకటే: బరువు తగ్గాలి. ఆ సలహా సరైనదే. అయితే ఎంత తగ్గితే ఫలితం కనిపిస్తుంది, నాలుగు అడుగులు వేయడానికే బాధపడుతున్న మనిషి ఎలా తగ్గగలడు అన్న ప్రశ్నలకు మాత్రం చాలా సందర్భాలలో సమాధానం దొరకదు. దానితో రోగి నొప్పి నివారణ మాత్రలతో ఇంటికి చేరతాడు, నడక మానేస్తాడు, మరికొంత బరువు పెరుగుతాడు.

దేశంలో ఈ సమస్య చిన్నది కాదు. ఆగ్రా, బెంగళూరు, కోల్‌కతా, డెహ్రాడూన్, పుణె ప్రాంతాలలో 40 ఏళ్లు పైబడినవారిని పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో 28.7 శాతం మందికి మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్, అంటే వాడుకలో కీళ్ల అరుగుదల అని పిలిచే వ్యాధి, ఉన్నట్లు తేలింది. మరోవైపు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 24 శాతం మహిళలు, 22.9 శాతం పురుషులు అధిక బరువు లేదా స్థూలకాయంతో ఉన్నారు. తెలుగు రాష్ట్రాలలో ఈ నిష్పత్తి జాతీయ సగటు కంటే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ మహిళల్లో ఇది 36.3 శాతం, తెలంగాణ మహిళల్లో 30.1 శాతం.

అడుగు వేసినప్పుడు ఏం జరుగుతుంది?

డెబ్భై కిలోల మనిషి నడుస్తున్నప్పుడు మోకాలిపై పడేది డెబ్భై కిలోల భారం మాత్రమే కాదు. ఒంటికాలిపై నిలిచిన క్షణంలో మోకాలు ముడుచుకుపోకుండా తొడ కండరాలు బలంగా బిగుసుకుంటాయి. ఆ బిగింపు కూడా కీలును నొక్కుతుంది. అందువల్ల సమతల నేలపై మామూలుగా నడిచేటప్పుడే మోకీలుపై శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్ల ఒత్తిడి ఉంటుంది. మెట్లు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అది ఇంకా పెరుగుతుంది. మెట్లు దిగుతున్నప్పుడే మొదట నొప్పి తెలియడానికి కారణం ఇదే.

ఈ విషయమై తరచుగా ఉటంకించే పరిశోధన అమెరికాలో జరిగి 2005లో వెలువడింది. మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్, అధిక బరువు రెండూ ఉన్న 142 మంది వృద్ధుల నడకను కొలిచిన పరిశోధకులు, తగ్గిన ప్రతి కిలో బరువుకు ఒక్కో అడుగులో మోకీలుపై నాలుగు కిలోల భారం తగ్గుతున్నట్లు గుర్తించారు. ఐదు కిలోలు తగ్గిన వ్యక్తికి అడుగుకు ఇరవై కిలోల ఊరట లభించినట్లు. రోజుకు ఐదు వేల అడుగులు నడిచే మనిషిలో ఒక్కో మోకాలు ఈ ఊరటను రెండున్నర వేల సార్లు పొందుతుంది. బరువు కొద్దిగా తగ్గినా నొప్పిలో మార్పు ఎందుకు కనిపిస్తుందో ఈ లెక్క చెబుతుంది.

తుంటి కీలు లెక్క కొంత వేరు. దానిని త్రాసుతో పోల్చవచ్చు. కుడికాలిపై నిలబడితే శరీర భారమంతా కుడి తుంటికి ఎడమ పక్కన ఉంటుంది. కటి ఎడమవైపుకు ఒరిగిపోకుండా కుడి తుంటి వెలుపల ఉన్న పిరుదు కండరాలు లాగిపట్టాలి. ఆ కండరాలకు కీలు నుంచి ఉన్న దూరం తక్కువ కాబట్టి అవి బరువు కంటే ఎక్కువ బలంతో లాగవలసి వస్తుంది. శరీర బరువు, కండరాల లాగుడు రెండూ కలిసి తొడ ఎముక తలపై పడతాయి. లోపల కొలత పరికరాలు అమర్చిన కృత్రిమ తుంటి కీళ్లతో నేరుగా కొలిచినప్పుడు, నడకలో ఈ ఒత్తిడి శరీర బరువుకు సుమారు రెండున్నర రెట్లు ఉన్నట్లు తేలింది. తూలిపడబోయి ఆపుకున్నప్పుడు అది ఎన్నో రెట్లు ఎగబాకుతుంది.

చేతికర్ర ఎందుకు పనిచేస్తుందో కూడా ఇదే సూత్రం వివరిస్తుంది. నొప్పి ఉన్న తుంటికి ఎదుటి చేతిలో కర్ర పట్టుకుంటే పిరుదు కండరాల పని తగ్గి కీలు తేలికపడుతుంది. నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకోవడం మనవద్ద తరచుగా కనిపించే పొరపాటు. మోకాలి నొప్పికీ ఎదుటి చేతిలోనే కర్ర ఉండాలి.

మోకాలికే ఎక్కువ దెబ్బ ఎందుకు?

అధిక బరువు రెండు కీళ్లకూ హాని చేస్తుంది, కాని సమానంగా కాదు. అనేక అధ్యయనాలను క్రోడీకరించిన విశ్లేషణలలో, శరీర ద్రవ్యరాశి సూచిక, అంటే బీఎంఐ, ఐదు ప్రమాణాలు పెరిగితే మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ ముప్పు 35 శాతం, తుంటి ఆస్టియో ఆర్థరైటిస్ ముప్పు 11 శాతం పెరుగుతున్నట్లు వెల్లడైంది. నిర్మాణంలోనే ఈ తేడాకు కొంత కారణం ఉంది. తుంటి కీలు లోతైన గిన్నెలో ఇమిడిన బంతి వంటిది. భారం విశాలమైన ఉపరితలంపై పరుచుకుంటుంది. మోకాలిలో గుండ్రని తొడ ఎముక చివర దాదాపు చదునైన కాలి ఎముకపై నిలుస్తుంది. రెండింటి నడుమ కుదురుగా కూర్చోబెట్టేవి నెలవంక ఆకారపు మెత్తలు, స్నాయువులే. నడకలో భారంలో అధిక భాగం మోకాలి లోపలి వైపునే పడుతుంది. అక్కడి మృదులాస్థి ముందుగా పలచబడితే కాళ్లు వెలుపలికి వంగి విల్లులా అవుతాయి. అలా వంగినకొద్దీ భారం మరింతగా లోపలి వైపుకే చేరుతుంది.

ఆసియా దేశాలలో తుంటి ఆస్టియో ఆర్థరైటిస్ పాశ్చాత్య దేశాలకంటే అరుదు. భారతదేశంలో తుంటి మార్పిడికి దారితీసే ప్రధాన కారణాలలో ఒకటి, రక్తప్రసరణ అందక తొడ ఎముక తల క్షీణించడం. దానికి దీర్ఘకాలం స్టెరాయిడ్ల వాడకం, అతి మద్యపానం వంటివి ముఖ్య కారకాలు. యువకుడికి గజ్జల్లో నొప్పి మొదలైతే నెపాన్ని బరువుపై నెట్టి ఊరుకోకూడదు. అలాగే నల్గొండ వంటి ప్రాంతాలలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల కీళ్లు బిగుసుకుపోయినవారి సమస్య కూడా బరువుతో పుట్టినది కాదు.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బొద్దుగా ఉన్న పది నుంచి పదహారేళ్ల పిల్లలు కుంటుతూ మోకాలు నొప్పి అంటే అసలు సమస్య తుంటిలో ఉండవచ్చు. ఎదిగే వయసులో తొడ ఎముక తలకూ మెడకూ మధ్య ఉండే పెరుగుదల ఫలకం అధిక భారానికి జారిపోతుంది. తుంటి నుంచి వచ్చే నొప్పి మోకాలిలో తెలియడం వల్ల మోకాలికి మాత్రమే ఎక్స్‌రే తీసి, అంతా బాగుందని పంపించే ప్రమాదం ఉంటుంది. ఆలస్యమైతే తుంటి శాశ్వతంగా దెబ్బతింటుంది. అలాంటి పిల్లలకు తుంటి ఎక్స్‌రే వెంటనే తీయాలి. జారినట్లు తేలితే శస్త్రచికిత్సే మార్గం.

బరువు మోయని వేళ్లకూ నొప్పి

భారమే ఏకైక కారణమైతే చేతివేళ్ల కీళ్లకు స్థూలకాయంతో సంబంధం ఉండకూడదు. కాని స్థూలకాయులలో వేళ్ల ఆస్టియో ఆర్థరైటిస్ కూడా ఎక్కువే. కొవ్వు కణజాలం కేవలం నిల్వ గిడ్డంగి కాదు. లెప్టిన్ వంటి హార్మోన్లను, శోథను ప్రేరేపించే పదార్థాలను అది రక్తంలోకి విడుదల చేస్తుంది. అవి మృదులాస్థిని క్షీణింపజేసే చర్యలకు తోడ్పడతాయి. అందుకే బరువుతోపాటు నడుము చుట్టుకొలత కూడా చూడాలి. భారతీయులలో తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు చేరే స్వభావం ఉండటంతో బీఎంఐ 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా ఇక్కడి వైద్యులు పరిగణిస్తారు. నడుము కొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. పైన పేర్కొన్న కుటుంబ ఆరోగ్య సర్వే 25ను హద్దుగా తీసుకుంది. భారతీయ కొలమానంతో చూస్తే అధిక బరువు ఉన్నవారి సంఖ్య ఇంకా పెరుగుతుంది.

2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ స్థూలకాయాన్ని వ్యాధిగా నిర్ధారించేందుకు ప్రతిపాదించిన లక్షణాల జాబితాలో, బిగుసుకుపోవడంతో కూడిన తీవ్రమైన మోకాలి లేదా తుంటి నొప్పిని చేర్చింది. మధుమేహం, గుండె జబ్బులతో పోలిస్తే కీళ్ల నొప్పిని ఇంతకాలం తేలికగా తీసుకున్న మాట వాస్తవం. నడవలేకపోవడం మిగతా జబ్బులన్నిటికీ దారి తెరుస్తుంది కాబట్టి ఈ చేర్పు సమంజసమైనదే.

ఎంత తగ్గితే మేలు?

అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం ఆధారంగా 1992లో వెలువడిన ఫలితాల ప్రకారం, పదేళ్లలో సుమారు ఐదు కిలోలు తగ్గిన మహిళలలో నొప్పితో కూడిన మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గింది. వ్యాధి అప్పటికే ఉన్నవారిపై జరిగిన మరో పరిశోధన 2013లో వెలువడింది. అందులో 454 మందిని మూడు బృందాలుగా విభజించి 18 నెలలు పరిశీలించారు. ఆహార నియమం, వ్యాయామం రెండూ పాటించిన బృందం సగటున 11.4 శాతం బరువు తగ్గింది. నొప్పి తగ్గడంలోనూ, నడక వేగంలోనూ వ్యాయామం మాత్రమే చేసినవారి కంటే ఆ బృందమే మెరుగైన ఫలితం పొందింది.

సూది మందుల మాట కూడా ఇప్పుడు తప్పదు. సెమాగ్లుటైడ్‌పై 11 దేశాలలో 407 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2024లో వెలువడ్డాయి. 68 వారాలకు మందు తీసుకున్నవారు 13.7 శాతం, తీసుకోనివారు 3.2 శాతం బరువు తగ్గారు. వంద పాయింట్ల కొలమానంపై నొప్పి మొదటి బృందంలో 41.7, రెండో బృందంలో 27.5 పాయింట్లు తగ్గింది. ఉత్తుత్తి సూది, ఆహార సలహా, వ్యాయామ సూచనలతోనే రెండో బృందానికి అంత ఊరట లభించడం కూడా గమనించదగినది. ఈ తరహా మందులు భారత మార్కెట్‌లోకి వచ్చాయి. అయితే ఆపివేస్తే బరువు తిరిగి పెరిగే అవకాశం ఎక్కువ. తగ్గే బరువులో కొంత భాగం కండరం కావడం మరో చిక్కు.

కండరం పోవడం వృద్ధులకు నిజమైన ప్రమాదం. తొడ కండరాలు మోకాలికి కవచం వంటివి. అతి తక్కువ బరువు, బోలు ఎముకల వ్యాధి కలిసినప్పుడు జారిపడితే తుంటి విరిగే ముప్పు బాగా ఎక్కువ. కాబట్టి ఉపవాసాలతో ఎండిపోవడం పరిష్కారం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదు. ఆచరణలో అది 50 నుంచి 70 శాతం వరకు ఉంటోంది. మూడు పూటలా అన్నం లేదా ఇడ్లీ, దోసెలతో గడిచే ఇళ్లలో అన్నం పరిమాణం తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు, కూరల పాళ్లు పెంచడమే సాధ్యమయ్యే తొలి మార్పు.

నొప్పి ఉన్నప్పుడు కదలికను పూర్తిగా మానేయడం హానికరం. ‘అరుగుదల’ అన్న మాట ఈ విషయంలో కొంత తప్పుదోవ పట్టిస్తుంది. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. స్పాంజి నొక్కి వదిలినట్లు, కదలికతో కీలుద్రవం లోపలికీ వెలుపలికీ ప్రసరించడం ద్వారానే దానికి పోషణ అందుతుంది. కుర్చీలో నుంచి చేతుల ఊతం లేకుండా లేవడం, కూర్చుని కాలు చాచి పట్టి ఉంచడం, సైకిలు తొక్కడం, ఈత వంటివి కీలుపై అధిక భారం లేకుండా కండరాన్ని పెంచుతాయి. నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో బాసిపట్టు వేయడం, గొంతుక్కూర్చోవడం, ఎత్తు మెట్లు తగ్గించుకుంటే చాలు.

శస్త్రచికిత్స ముంగిట

2000, 2001 సంవత్సరాలలో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయీకి ముంబైలో రెండు మోకాళ్ల మార్పిడి జరిగినప్పుడు ఈ శస్త్రచికిత్స పేరు దేశమంతటా వినిపించింది. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ కృత్రిమ మోకీళ్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది. అప్పటివరకు సగటున లక్షన్నర రూపాయలు దాటిన సాధారణ రకం కీలు ధర పన్నులు కాక 54,720 రూపాయలకు దిగింది. ఆసుపత్రి ఖర్చులు వేరు.

బీఎంఐ 40 దాటినవారిలో ఇన్ఫెక్షన్, గాయం మానకపోవడం వంటి సమస్యలు ఎక్కువ. అందువల్ల అమెరికాలో పలువురు శస్త్రవైద్యులు దానిని హద్దుగా పాటిస్తున్నారు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు మాత్రం బరువును కారణంగా చూపి రోగులను శస్త్రచికిత్సకు దూరం చేయరాదని స్పష్టం చేశాయి. రెండో వైఖరే న్యాయంగా కనిపిస్తుంది. కీలు పూర్తిగా దెబ్బతిన్న మనిషికి ఆహార నిపుణులు, ఫిజియోథెరపిస్టు సాయమేమీ ఇవ్వకుండా ‘తగ్గి రండి’ అని పంపడం చికిత్స నిరాకరణతో సమానం. ఆ మధ్యకాలంలో మధుమేహ నియంత్రణ, పొగతాగడం మానడం, తొడ కండరాల వ్యాయామం మొదలుపెట్టినా ముప్పు కొంత తగ్గుతుంది.

కొత్త కీలు అమర్చిన తరువాత నడక సులువై బరువు దానంతట అదే తగ్గుతుందని చాలామంది ఆశిస్తారు. అధిక శాతం మందిలో అలా జరగడం లేదు. శస్త్రచికిత్సకు ముందు ప్రారంభించిన ఆహార నియమం, వ్యాయామం ఆ తరువాత కూడా కొనసాగాలి. ఇంకా మార్చని రెండో మోకాలిపై ప్రతి అడుగులో పడే భారం అప్పటికీ అంతే ఉంటుంది.